పట్టాల మెట్లు: విశ్వవిద్యాలయ అధ్యాపక నియామకములపై పెరుగుచున్న విద్యార్హతల ప్రభావము – కడప నేపథ్యములో ఒక పరిశీలన

పరిచయము

విశ్వవిద్యాలయములో పాఠము చెప్పుటకు ఏ పట్టా కావలెను? 1991 నుండి నేటి వరకు మన దేశములో ఈ ప్రశ్నకు జవాబు అనేక పర్యాయములు మారినది. జవాబు మారిన ప్రతిసారి కొందరికి ద్వారము తెరుచుకొన్నది, కొందరికి మూసుకొన్నది. మన సంఘములలో ఎం.ఏ., ఎం.ఎస్‌సి. ముగించి అధ్యాపకులు కావలెనని ఎదురుచూచు యౌవనస్థులు ఉన్నారు. వారిలో అనేకులు తమ కుటుంబములో కళాశాల మెట్లు ఎక్కిన మొదటి తరమువారు. తరువాత ఏమి చేయవలెనని వారు తరచుగా అడుగునది తమ కాపరినే. మరొక ప్రక్క మన వేదాంత కళాశాలలు కూడ తమ అధ్యాపకుల నియామకములలో ఇదే దారిన నడచుచున్నవి. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

ఈ వ్యాసములో మొదట పట్టాకు, బోధనకు గల సంబంధమును క్లుప్తముగా చూచెదము. పిమ్మట విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యు.జి.సి.) నియమములు మారిన క్రమమును, వాటి ఫలితము కడప వంటి ప్రాంతములో ఎట్లుండునో పరిశీలించెదము. చివరగా వేదాంత కళాశాలలకు దీనినుండి కలుగు పాఠములను సూచించెదము.

1. పట్టాకు, బోధనకు గల సంబంధము

'డాక్టరు' అను మాట బోధించుట అను అర్థముగల లతీను ధాతువు నుండి వచ్చినది. మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయములలో ఆ పట్టా బోధించుటకు ఇచ్చు అనుమతి. మార్టిన్ లూథర్ 1512 అక్టోబరులో విట్టెన్‌బర్గులో వేదాంత డాక్టరు అయ్యెను. తరువాతి వివాదములలో, లేఖనమును బోధించుటకు తాను ప్రమాణము చేసినవాడనని ఆయన ఆ పట్టానే ఆధారముగా చూపెను. అనగా ఆనాడు పట్టా ఒక బాధ్యత.

పరిశోధన చేసి కొత్త జ్ఞానమును కనుగొనినవానికే డాక్టరేటు అను భావము 19వ శతాబ్దములో జర్మనీ విశ్వవిద్యాలయములలో, విశేషముగా 1810లో స్థాపింపబడిన బెర్లిను విశ్వవిద్యాలయ ప్రభావముతో బలపడినది. అమెరికాలో మొదటి పిహెచ్.డి.లను 1861లో యేల్ విశ్వవిద్యాలయము ఇచ్చినది. నలుబది ఏండ్లు తిరుగకముందే, ఆ పట్టా లేనివానికి కళాశాలలో ఉద్యోగము దొరకుట కష్టమాయెను. 1903లో హార్వర్డు తత్త్వవేత్త విలియం జేమ్స్ ఈ పరిస్థితిని విమర్శించుచు ఒక వ్యాసము వ్రాసి, పిహెచ్.డి.ని ఎనిమిది చేతుల సముద్రజీవితో పోల్చెను. తత్త్వశాస్త్రములో ప్రతిభ చూపిన తమ విద్యార్థి ఒకరిని మరొక కళాశాల సాహిత్యము బోధించుటకు నియమించి, పిహెచ్.డి. లేదని తెలిసిన తరువాత ఆ పట్టా సంపాదించవలెనని పట్టుబట్టినదని ఆయన అందులో తెలిపెను. అతడు బోధింపవలసినది సాహిత్యము. వారడిగిన పట్టా తత్త్వశాస్త్రములోనిదైనను చాలును! కళాశాలకు కావలసినది పేరు ప్రక్కన మూడక్షరములు మాత్రమే అని జేమ్స్ చూపెను.

ఉద్యోగములకంటె పట్టాదారులు ఎక్కువైనప్పుడు, పనిలో మార్పు లేకున్నను అర్హత ఒక మెట్టు పైకి జరుగును. నిన్న డిగ్రీ చాలిన పనికి నేడు పి.జి., రేపు పిహెచ్.డి. అడుగుదురు. రోనాల్డ్ డోర్ 1976లోను, రాండల్ కాలిన్స్ 1979లోను వెలువరించిన గ్రంథములలో దీనిని వివరించిరి. ఆలస్యముగా అభివృద్ధి మార్గము పట్టిన దేశములలో ఈ జాడ్యము మరింత తీవ్రముగా ఉండునని డోర్ వాదము.

2. నియమములు మారిన క్రమము

జాతీయ అర్హత పరీక్ష (నెట్) 1989లో మొదలైనది. 1991 సెప్టెంబరు 19న వెలువడిన యు.జి.సి. నియమావళి పి.జి.లో 55 శాతము మార్కులతోపాటు ఈ పరీక్షలో ఉత్తీర్ణతను లెక్చరరు ఉద్యోగమునకు కనీస అర్హతగా చేసినది. రాష్ట్రస్థాయిలో స్లెట్ లేక సెట్ దానికి సమానము. 2000 నాటి నియమావళి, 1993 డిసెంబరు 31 నాటికి ఎం.ఫిల్. పూర్తిచేసినవారికి లేక పిహెచ్.డి. సమర్పించినవారికి మినహాయింపు ఇచ్చినది. 2006లో మినహాయింపులు సడలినవి, ఎం.ఫిల్. ఉన్నవారు డిగ్రీ తరగతులకు, పిహెచ్.డి. ఉన్నవారు పి.జి. తరగతులకు నెట్ లేకయే బోధింపవచ్చునని చెప్పబడినది. అనేకులు ఆ మాట నమ్మి ఎం.ఫిల్.లో చేరిరి.

2009లో ఆ ద్వారము మూయబడినది. ఆ సంవత్సరపు నియమముల ప్రకారము చేసిన పిహెచ్.డి.కి తప్ప మరి దేనికిని నెట్ మినహాయింపు లేదు. దూరవిద్యలో ఎం.ఫిల్., పిహెచ్.డి. జరుపుట కూడ అప్పుడే నిషేధింపబడినది. ఈ మార్పు చెల్లునని 2015లో సుప్రీంకోర్టు పి. సుశీల కేసులో తీర్పు చెప్పినది. 2009 జూలై 11కు ముందు నమోదు చేసికొన్నవారికి కొన్ని షరతులతో యు.జి.సి. 2016లో ఊరట కల్పించినది. నడుమ గడచిన ఏడేండ్లలో వయస్సు మీరినవారికి ఆ ఊరట ఎంతవరకు ఉపయోగపడినదో పాఠకులు ఊహింపవచ్చును.

2018 జూలై నాటి నియమావళి మరియొక మెట్టు పెంచినది. 2021 జూలై 1 నుండి విశ్వవిద్యాలయములలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా నేరుగా నియమింపబడుటకు పిహెచ్.డి. తప్పనిసరి అన్నది. కరోనా కాలములో పరిశోధనలు నిలిచిపోయినందున ఆ గడువు 2023 జూలై 1కి వాయిదా పడినది. ఆ తేదీ వచ్చేసరికి నియమమే మారినది. నెట్, సెట్, స్లెట్‌లలో ఒకటి కనీస అర్హత, పిహెచ్.డి. ఐచ్ఛికము అని సవరణ వచ్చినది. ఇంతలో 2022 నవంబరు నియమములు ఎం.ఫిల్. పట్టానే నిలిపివేసినవి. 2025 జనవరిలో అర్హతలను మరల మార్చుచు మరియొక ముసాయిదా వెలువడినది.

పిహెచ్.డి.కి కనీసము మూడేండ్లు, సాధారణముగా అయిదారేండ్లు పట్టును. నియమము అంతకంటె తక్కువ కాలములోనే మారుచున్నది. 2017లో పి.జి. ముగించిన విద్యార్థి 2018లో పిహెచ్.డి. తప్పనిసరి అని విని చేరియుండును. అది ముగియునాటికి తప్పనిసరి కాదని వినును. నెట్ వ్రాసి పిహెచ్.డి. వలదనుకొన్న అతని మిత్రుడు అయిదేండ్లు భయముతో గడిపియుండును. మెట్టు ఎత్తుగా ఉండుట ఒక కష్టము. అది కదలుచుండుట అంతకంటె పెద్ద కష్టము.

3. 'ఐచ్ఛికము' అను మాట వెనుక

2023 సవరణతో పిహెచ్.డి. భారము తీరినదని కొందరు సంతోషించిరి. అయితే 2018 నియమావళిలో అభ్యర్థులను ఇంటర్వ్యూకు ఎంపిక చేయుటకు ఒక పట్టిక ఉన్నది. విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసరు ఉద్యోగమునకు నూరు మార్కులలో డిగ్రీకి గరిష్ఠముగా 15, పి.జి.కి 25, పిహెచ్.డి.కి 30, జె.ఆర్.ఎఫ్.తో కూడిన నెట్‌కు 7, ఉత్త నెట్‌కు 5, సెట్‌కు 3, పరిశోధన వ్యాసములకు 10, బోధనానుభవమునకు ఏటికి రెండు చొప్పున 10, పురస్కారములకు 3.

ఇద్దరు అభ్యర్థులను ఊహించెదము. ఇద్దరికిని డిగ్రీలోను, పి.జి.లోను అరువది శాతమునకు పైబడిన మార్కులు, ఇద్దరికిని నెట్ ఉన్నవి. మొదటివాడు పదేండ్లుగా తరగతిలో పాఠము చెప్పుచున్నాడు. పిహెచ్.డి. లేదు. అతనికి 13, 23, 5, 10 కలిసి 51 మార్కులు. రెండవవాడు ఒక్క దినమైనను పాఠము చెప్పలేదు. పిహెచ్.డి., రెండు వ్యాసములు ఉన్నవి. అతనికి 13, 23, 5, 30, 4 కలిసి 75. ఇంటర్వ్యూకు పిలుపు ఎవరికి వచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు. పదేండ్ల అనుభవమునకైనను ఇరువదేండ్ల అనుభవమునకైనను పది మార్కులే. చట్టములో ఐచ్ఛికమైనది పట్టికలో తప్పనిసరి ఆయెను. తుది ఎంపిక మాత్రము ఇంటర్వ్యూ మీదనే ఆధారపడునని అదే నియమావళి చెప్పుచున్నది. కాని ఆ గదిలోనికి పిలువబడనివానికి దానివలన ప్రయోజనము లేదు.

4. కడప ప్రాంతములో దీని ఫలితము

కడపలో ఉన్నతవిద్య చరిత్ర పొడవైనది కాదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో స్థాపింపబడగా, దాని పి.జి. కేంద్రము 1977లో కడపకు వచ్చినది. 2006 మార్చిలో ఆ కేంద్రమే యోగి వేమన విశ్వవిద్యాలయముగా రూపొందినది. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయము 2008లో వచ్చినది. అనగా వర్షాధారపు సేద్యము మీద బ్రతుకు కుటుంబములకు తమ జిల్లాలోనే పిహెచ్.డి. చేయు సౌకర్యము కలిగి రెండు దశాబ్దములే అయినది. సరిగా ఆ రెండు దశాబ్దములలోనే పట్టాల మెట్లు ఒకదానిపై ఒకటి పెరిగినవి. ఇక్కడి విద్యార్థి నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టునప్పటికి నిచ్చెన పొడవు పెరిగినది.

మూడు సంగతులు ఇక్కడ విశేషముగా గమనింపదగినవి.

మొదటిది, భాష. తెలుగు, సంస్కృతము వంటి భాషా విషయములను మినహాయించి, నెట్ ప్రశ్నపత్రము ఆంగ్లములోను, హిందీలోను మాత్రమే ఉండును. హిందీ ప్రాంతపు విద్యార్థి తన భాషలో చదివి తన భాషలోనే పరీక్ష వ్రాయవచ్చును. చరిత్రను, అర్థశాస్త్రమును తెలుగు మాధ్యమములో చదివిన జమ్మలమడుగు విద్యార్థికి ఆ అవకాశము లేదు. 2017 నుండి పరీక్ష వ్రాసినవారిలో 6 శాతము మందినే అర్హులుగా ప్రకటించు పద్ధతి ఉన్నందున, ఒకటి రెండు ప్రశ్నలు అర్థము కాకపోవుట కూడ ఫలితమును మార్చును.

రెండవది, ధనము. జె.ఆర్.ఎఫ్. సాధించిన పరిశోధకునికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు. కేంద్రీయ విశ్వవిద్యాలయములో నెట్ లేకుండ చేరిన పరిశోధకునికి నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్ ఉన్నది. రాష్ట్ర విశ్వవిద్యాలయములో చేరినవానికి ఆ ఎనిమిది వేలు కూడ ఆ పథకము క్రింద రావు. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు ప్రత్యేక ఫెలోషిప్పులు ఉన్నను అవి పరిమితము. జీతము లేని అయిదేండ్లు ఇరువది నాలుగేండ్ల పెద్ద కుమారునికి ఎంత బరువో, ఇంటిలో పెండ్లి మాటలు నడుచుచున్న కుమార్తెకు అంతకంటె ఎంత బరువో కాపరులకు తెలియును. స్త్రీలకు పిహెచ్.డి. గడువులో అదనముగా రెండేండ్లు, ప్రసూతికి 240 దినముల సెలవు నియమములలో ఉన్నవి. ఇవి మంచివే. అవి సమయమును ఇచ్చును గాని అన్నము పెట్టవు.

మూడవది, ఖాళీలు. అర్హతలు పెరిగినంత వేగముగా శాశ్వత నియామకములు జరుగలేదు. 2023 చివరలో రాష్ట్ర విశ్వవిద్యాలయములలో మూడు వేలకు పైగా పోస్టులకు ప్రకటన వెలువడినది. నెట్, పిహెచ్.డి.లకు తోడు పబ్లిక్ సర్వీసు కమిషను ద్వారా స్క్రీనింగ్ పరీక్ష అను మరియొక మెట్టు అందులో చేరినది. ఆ నియామకములు న్యాయవివాదములలో చిక్కుకొన్నవి. పోస్టులు ఖాళీగా ఉన్నను తరగతులు ఆగవు కదా! ఆ తరగతులను నడుపువారు 'అకడమిక్ కన్సల్టెంటు', 'గెస్ట్ లెక్చరరు', 'కాంట్రాక్టు అధ్యాపకుడు' అను పేర్లుగలవారు. వీరిలో పిహెచ్.డి. ఉన్నవారు అనేకులు. ఇట్టి సేవను పూర్వసేవగా లెక్కించుటకు, ఆ కాలములో వారి వేతనము శాశ్వత అసిస్టెంట్ ప్రొఫెసరు మొత్తము జీతమునకు తక్కువ కాకుండ ఉండవలెనని 2018 నియమావళి షరతు పెట్టినది. తక్కువ జీతమిచ్చినది సంస్థ. ఆ తక్కువ జీతమును కారణముగా చూపి సేవాకాలమును కోల్పోవునది అధ్యాపకుడు.

దీని తుది ఫలితము పరిశోధన మీదనే పడినది. ఉద్యోగము కొరకే పిహెచ్.డి. చేయవలసి వచ్చినప్పుడు, ప్రశ్న వెదకి సిద్ధాంత గ్రంథము వ్రాయువారు తగ్గి, పట్టా కొరకు ప్రశ్న వెదకువారు పెరుగుదురు. సిద్ధాంత గ్రంథము సమర్పించుటకు ముందు వ్యాసము అచ్చు కావలెనను నియమము ఉన్న కాలములో డబ్బు తీసికొని ఏదైనను అచ్చు వేయు పత్రికలు దేశమంతట పుట్టినవి. వాటిని అరికట్టుటకు 2018లో కేర్ జాబితా వచ్చినది. 2025లో అది కూడ విరమింపబడినది. గ్రంథచౌర్యమును అరికట్టు నియమములు 2018లో వచ్చుట కూడ ఈ ఒత్తిడికి సాక్ష్యము.

5. అర్హతల పెంపునకు అనుకూల వాదము

ఇంతవరకు చెప్పినదానిని బట్టి అర్హతలు అన్నియు తీసివేయవలెనని తలంచుట పొరపాటు. ఎదుటి పక్షపు వాదము బలహీనమైనది కాదు. కాగితము మీద అర్హత లేనిచోట దాని స్థానములో వచ్చునది ప్రతిభయే అని ఎవరు చెప్పగలరు? సిఫారసు రావచ్చును, కులము రావచ్చును, బంధుత్వము రావచ్చును, ధనము రావచ్చును. పలుకుబడికి పేరుపడిన ప్రాంతములలో ఈ అనుమానము మరింత న్యాయమైనది. ఎవరి కుమారుడో తెలియకుండ దిద్దబడు జాతీయ పరీక్ష, పెద్దల అండ లేని విద్యార్థికి ఒక కవచము. దళిత, వెనుకబడిన వర్గముల నుండి వచ్చిన అనేక అధ్యాపకులకు నెట్, పిహెచ్.డి. ఎవరును కాదనలేని ఋజువులైనవి. మార్కులలో అయిదు శాతము సడలింపు, రిజర్వేషన్లు కూడ స్పష్టమైన అర్హతలు ఉన్నప్పుడే సరిగా అమలగును.

కావున చిక్కు ఇది: అండ ఉన్నవానిని ఆపుటకు కట్టిన గోడయే అండ లేనివానికి కూడ అడ్డుగా నిలుచుచున్నది. గోడ పడగొట్టిన మొదటివాడు లోనికి వచ్చును. ఇంకను ఎత్తు పెంచిన రెండవవాడు ఎన్నటికిని రాలేడు. ఎత్తును స్థిరముగా ఉంచి, ఎక్కుటకు సాయము చేయుట ఒక్కటే న్యాయమైన మార్గమని మా అభిప్రాయము. తెలుగులో ప్రశ్నపత్రము, రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఫెలోషిప్, నియమము మారినప్పుడు అప్పటికే చేరినవారికి పాత నియమము, క్రమము తప్పని నియామక ప్రకటనలు – ఇవి ఆ సాయములో ముఖ్యమైనవి.

6. పట్టా కొలువలేనిది

పిహెచ్.డి. ఋజువు చేయునది పరిశోధన సామర్థ్యమును. విషయపరిజ్ఞానము, బోధించు నేర్పు అనునవి దానికి కొంత దగ్గరవే అయినను వేరైనవి. మన ప్రాంతపు చరిత్రలోనే దీనికి ఉదాహరణలు ఉన్నవి.

కడపలో ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌను 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువు వెలువరించెను. డాక్టరేటు లేని ఆయనను 1865లో లండను విశ్వవిద్యాలయము తెలుగు ప్రొఫెసరుగా నియమించినది. కడపలో ఆయన నివసించిన స్థలములోని గ్రంథాలయము నేడు యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందినది. అనంతపురము జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఇరువది ఏండ్లు నిండకముందే 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధనలో చేరి దాదాపు నాలుగు దశాబ్దములు పనిచేసెను. కడపలో స్థిరపడిన పుట్టపర్తి నారాయణాచార్యులు విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు, ఆయన బాల్యములో వ్రాసిన 'పెనుగొండ లక్ష్మి' కావ్యమే ఆ పరీక్షకు పాఠ్యగ్రంథముగా ఉండెననుట సాహిత్యలోకములో ప్రసిద్ధము. 

వీరు అసాధారణులు, అసాధారణుల కొరకు సాధారణ నియమము చేయలేము. నిజమే. అయితే అసాధారణుడు వచ్చినప్పుడు గుర్తించి లోనికి తీసికొనుటకు ఒక చిన్న ద్వారమైనను నియమములో ఉండవలెను. పట్టా లేని యోగి పేరు పెట్టుకొన్న విశ్వవిద్యాలయము ఉన్న ఊరిలో ఈ మాట చెప్పుట అసందర్భము కాదు.

7. వేదాంత కళాశాలలకు వర్తింపు

1818లో స్థాపింపబడిన సెరంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన శాసనము పట్టాలిచ్చు అధికారము కలిగించినది. మొదటి బి.డి. పట్టాలు 1915లో ఇవ్వబడినవి. ఒకప్పుడు ఎల్.టిహెచ్. చదివినవారు గ్రామ సంఘములను నిర్మించిరి. నేడు బి.డి. బోధించుటకు ఎం.టిహెచ్., ఎం.టిహెచ్. బోధించుటకు డాక్టరేటు సాధారణముగా అవసరమగుచున్నవి. ఇక్కడ కూడ నిచ్చెన పొడవు పెరిగినది. ఫలితముగా, బి.డి. ముగించి నేరుగా ఎం.టిహెచ్., అక్కడినుండి నేరుగా డాక్టరేటు చేసి, సంఘపరిచర్యలో ఎక్కువ కాలము గడపకుండ కాపరులను తయారుచేయు పీఠము మీద కూర్చుండు అవకాశము ఏర్పడినది. పదునైదేండ్లు మెట్ట గ్రామములలో సేవ చేసి, కరవు సంవత్సరములలో వలసపోయిన కుటుంబములను వెదకి కనుగొనిన కాపరికి, విశ్వవిద్యాలయ పట్టికలోని పదేండ్ల అధ్యాపకునికి కలిగిన గతియే కలుగవచ్చును.

పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయములో సిఫారసు పత్రికల ప్రస్తావన మనకు తెలిసినదే. అక్కడ సేవకుని యోగ్యతకు సాక్ష్యము అతనిచేత తీర్చబడిన మనుష్యులే. అదే పౌలు గమలీయేలు పాదములయొద్ద నేర్చుకొన్న సంగతిని కూడ దాచలేదు (అపొ. కా. 22:3). చదువును, దాని ఫలమును రెండింటిని చూచుట మనకు సాధ్యమే.

విశ్వవిద్యాలయములు యు.జి.సి. పట్టికకు బద్ధమైనవి. మన నియామక సంఘములకు అంతకంటె కొంత స్వేచ్ఛ ఉన్నది. దానిని మూడు విధములుగా వినియోగింపవచ్చును. ఒకటి, నియామకములో సంఘపరిచర్య అనుభవమునకు పట్టాతో సమానమైన విలువనిచ్చి, తరగతిలో పాఠము చెప్పించి చూచుట. రెండు, అనుభవము ఉండి పట్టా లేనివానిని ముందుగా నియమించి, జీతముతో కూడిన సెలవు ఇచ్చి చదివించుట. మూడు, తాత్కాలిక అధ్యాపకుల వేతనమును, సేవాకాలమును న్యాయముగా లెక్కించుట. పట్టా అడుగుట సులభము. పట్టా సంపాదించుటకు మార్గము చూపుట సంస్థ బాధ్యత.

ముగింపు

కాపరులకు ఒక మాట. అధ్యాపకులు కావలెనని మీ యొద్దకు వచ్చు యౌవనస్థులకు స్పష్టమైన సంగతులు చెప్పుడి. పి.జి. రెండవ సంవత్సరములోనే నెట్, సెట్ వ్రాయుట మొదలుపెట్టవలెను. జె.ఆర్.ఎఫ్.కు సాధారణ వర్గమువారికి 30 ఏండ్ల వయఃపరిమితి ఉన్నదని, స్త్రీలకును రిజర్వుడు వర్గములకును అయిదేండ్ల సడలింపు ఉన్నదని తెలియవలెను. పిహెచ్.డి.లో చేరుటకు ముందు పర్యవేక్షకుని పని తీరును, ఫెలోషిప్ అవకాశమును విచారించవలెను. నియమము నేడున్నట్లే రేపుండునని నమ్మి జీవితమంతయు ఒక్క ప్రకటన మీద పెట్టవద్దు. ఆంగ్ల పఠనములో వెనుకబడిన విద్యార్థులకు సంఘములోని ఉపాధ్యాయులు వారమునకు రెండు సాయంకాలములు ఇచ్చినను ఎంతో మేలు జరుగును.

అర్హతల పెంపు ప్రమాణములను కాపాడవచ్చును. కాని ఆ ప్రమాణములను అందుకొనుటకు కావలసిన భాష, ధనము, సమయము ఎవరి చేతిలో ఉన్నవో చూడకుండ మెట్టు పెంచిన యెడల, తరగతి గదిలో నిలువవలసిన కొందరు వాకిట నిలిచిపోవుదురు. నియామక సంఘములలో కూర్చుండువారు ప్రతి దరఖాస్తును తెరచునప్పుడు ఈ సంగతిని జ్ఞాపకము చేసికొందురని మా ఆశ.